ఈ బల్ల దగ్గర తెలుగు వద్దన్న పిల్ల

"ఈ బల్ల దగ్గర మాత్రం నాతో తెలుగులో మాట్లాడకమ్మా" అని మా అమ్మాయి అడిగి చాలా వారాలైంది. అడిగింది మేముంటున్న ఈ పరాయి దేశపు భాషలోనే. విసుగుతో అన్న మాట కాదు, ఆలోచించుకుని నిదానంగా అంది. కారణం కూడా తనే చెప్పింది: "తెలుగులో నేను చిన్నపిల్లలా మాట్లాడతాను. ఇక్కడ నేను చిన్నపిల్లను కాదు."

ఆ బల్ల మీద ఉండేవి సెకండ్‌హ్యాండ్ మోడల్ రైలింజిన్లు. ఎవరో ఏళ్ళ తరబడి అటక మీద పడేసి, చివరికి "పనిచేయదు, విడిభాగాలకు మాత్రమే" అని చీటీ అంటించి అమ్మేసినవి. తనకిప్పుడు పన్నెండేళ్ళు. కొత్త ఇంజిన్ కొనిస్తానన్నా వద్దంటుంది. ఆగిపోయినదాన్ని తీసుకొచ్చి, ఎక్కడ ఆగిందో కనిపెట్టి, మళ్ళీ పట్టాల మీద నడిపించాలి. తన సరదా అంతా అందులోనే ఉంది.

ఇంట్లో తెలుగు విషయంలో నేను మొండిదాన్ని. మేమిద్దరం కూర్చున్న చోట తెలుగే మాట్లాడాలన్నది నా పట్టు. తోటి తల్లిదండ్రులు అడిగితే సలహా కూడా ఇచ్చేదాన్ని: పిల్లలకు భాషను పుస్తకం ముందు పెట్టి నేర్పకండి, చేతులతో చేసే పని ఏదైనా కలిసి చేయండి, మాటలు వాటంతటవే వస్తాయి అని. మా ఇంట్లో ఆ పని ఈ ఇంజిన్ల రిపేరే అనుకున్నాను. ఇద్దరి కళ్ళూ పని మీద ఉంటాయి, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు, తొందర లేదు. తెలుగుకు ఇంతకంటే మంచి చోటు దొరకదని నమ్మాను. తను కాదన్నది సరిగ్గా ఆ చోటునే.

పని గురించి కొంత చెప్పాలి, లేకపోతే తను ఏ విషయంలో చిన్నపిల్ల కాదో అర్థం కాదు. మా దగ్గర ఎక్కువగా ఉన్నవి హెచ్‌ఓ సైజువి. అసలు రైలులో 87వ వంతు, రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్ల దూరం. పట్టాల్లో నడిచేది 12 వోల్టుల డీసీ కరెంటు. అందుకే పన్నెండేళ్ళ పిల్లకు బల్ల అప్పగించగలిగాను. గోడ ప్లగ్గుకు తగిలించే కంట్రోలర్‌ను మాత్రం విప్పకూడదు, వైరు పగిలిన పాత కంట్రోలర్‌ను ప్లగ్గులో పెట్టనే కూడదు. ఈ రెండింటి మీద మా ఇంట్లో చర్చ లేదు.

"పనిచేయదు" అని అమ్మిన ఇంజిన్లలో చాలావాటికి నిజానికి ప్రాణం పోలేదు. చక్రాలకు పట్టిన నల్లటి మురికో, ఏళ్ళ క్రితం వేసిన గ్రీజు గట్టిపడటమో, మోటారులోకి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు, ఇరుక్కుపోవటమో కారణమై ఉంటుంది. పట్టా నుంచి చక్రానికి, చక్రం నుంచి దాన్ని ఒరుసుకుంటూ ఉండే సన్నటి రేకుకు, అక్కడి నుంచి వైరు ద్వారా బ్రష్‌కు, బ్రష్ నుంచి మోటారు ఇరుసుతో పాటు తిరిగే రాగి ముక్కల వలయానికి, అంటే కమ్యుటేటర్‌కు, అక్కడి నుంచి తీగ చుట్లకు, అంటే వైండింగ్‌కు, తిరిగి రెండో పట్టాకు కరెంటు ప్రయాణించాలి. ఆ దారిలో అది ఎక్కడ తెగిందో తెలుసుకోవటమే టెస్టింగ్. మా అమ్మాయి ముందు తొమ్మిది వోల్టుల బ్యాటరీని నేరుగా మోటారుకు తగిలిస్తుంది. మోటారు తిరిగితే లోపం దానికి ఇవతల, చక్రాల వైపు ఉన్నట్టు. తిరగకపోతే మోటారులో ఉన్నట్టు. ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి. తిరగకుండా మూలుగుతూ కరెంటు లాగుతుంటే వెంటనే బ్యాటరీ తీసేయాలి, లేదంటే వైండింగ్ కాలిపోతుంది. ఈ జాగ్రత్త నాకు నేర్పింది తనే.

ఇంకో సంగతి. కొత్తగా చేతికొచ్చిన ఇంజిన్ కనబడగానే పెద్దవాళ్ళైనా చేసే మొదటి పని, బల్ల మీద పెట్టి వేలితో తోయడం. చాలా ఇంజిన్లలో మోటారు ఇరుసు మీద మరలాంటి వార్మ్ గేరు ఉంటుంది. మోటారు చక్రాన్ని తిప్పగలదు కానీ, చక్రం మోటారును తిప్పలేదు. బలవంతంగా తోస్తే పళ్ళు అరుగుతాయి. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా చెయ్యి చాపితే చాలు, తను అడ్డం వచ్చి నిలబడుతుంది.

తన పనిలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది బ్రష్‌లు విప్పే పద్ధతి. మినపగింజంత కూడా లేని కార్బన్ ముక్క, దాని వెనక వెంట్రుకంత తీగతో చేసిన స్ప్రింగు. మూత వదులవగానే ఆ స్ప్రింగు ఎగిరి గదిలో ఏ మూలకో పోతుంది, ఇక దొరకదు. అందుకని తను ఇంజిన్‌ను, చిన్న స్క్రూడ్రైవర్‌ను ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రెండు చేతులూ లోపలికి దూర్చి విప్పుతుంది. స్ప్రింగు ఎగిరినా సంచిలోనే ఉంటుంది. తర్వాత ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కమ్యుటేటర్‌ను తుడుస్తుంది. దూది నల్లబడటం ఆగేదాకా ఇయర్‌బడ్లు మారుస్తూనే ఉంటుంది. రాగి ముక్కల మధ్య సన్నటి గాళ్ళలో కార్బన్ పొడి చేరితే షార్ట్ అవుతుంది కాబట్టి, ఆ పొడిని పంటిపుల్ల మొనతో తీస్తుంది. నేను సూది ఇవ్వబోతే వద్దంది, రాగి గీసుకుపోతుందని. చివర్లో ఇరుసులకు ఒక్కో నూనె చుక్క, అదీ పంటిపుల్ల మొన మీద నిలిచినంతే. కమ్యుటేటర్‌కు నూనె తగలకూడదు.

ఇదంతా తను నాకు తన భాషలో వివరించేటప్పుడు వింటే ఒక మెకానిక్ మాట్లాడినట్టే ఉంటుంది. వెనక ఎడమ చక్రాన్ని రేకు ఒరుసుకోవట్లేదు, కొద్దిగా వంచితే సరిపోతుంది, గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుంటుంది... ఇలా ఏ కీలు ఎక్కడ ఉందో అక్కడే పెట్టి చెబుతుంది. అదే విషయం తెలుగులో అడిగితే "ఇది దానికి తగలట్లేదమ్మా" దగ్గర ఆగిపోతుంది. ఇది, అది, ఇక్కడ, అలా. ఆ నాలుగు మాటల మధ్య తన తెలివంతా దాక్కుంటుంది. నేనేమో ఆ వాక్యాన్ని కూడా సరిదిద్దేదాన్ని. లోపం గురించి తను చెబుతుంటే నా చెవి క్రియల మీద ఉండేది.

ఈ మధ్య ఒక ఇంజిన్ వచ్చింది. పెట్టగానే కంట్రోలర్ ఆగిపోయింది. షార్ట్. నేను వెంటనే మోటారు పోయిందన్నాను. తను మల్టీమీటర్ తీసి ఒక పక్క చక్రాన్నీ రెండో పక్క చక్రాన్నీ ముట్టించింది. రెండింటి మధ్య అడ్డే లేదు. ఇంజిన్‌ను తిరగేసి చూస్తే అడుగున పొడవాటి రేకు ఒకటి ఉంది. అది మార్క్‌లిన్ వాళ్ళ మూడు పట్టాల పద్ధతి ఇంజిన్. 1859లో జర్మనీలో మొదలైన కంపెనీ అది. వాళ్ళ పద్ధతిలో రెండు పక్కల పట్టాలూ ఒకే వైరు కింద లెక్క, రెండో వైరు మధ్యలో ఉంటుంది. అడుగు రేకు ఆ మధ్యదాన్ని ఒరుసుకుంటూ పోతుంది. చక్రాలకు ఇన్సులేషన్ అవసరమే లేదు. పాత ఇంజిన్లు నడిచేది డీసీతో కాదు, 16 వోల్టుల ఏసీతో. దిక్కు మార్చాలంటే క్షణం పాటు 24 వోల్టులు పంపాలి. అలాంటిదాన్ని మా రెండు పట్టాల మీద పెడితే షార్ట్ కాక ఏమవుతుంది? తెలిసినవాళ్ళ దగ్గర ఆ పట్టాలుంటే తీసుకెళ్ళి పెట్టింది. చక్కగా నడిచింది. దానికి ఏ జబ్బూ లేదు.

ఇంటికొస్తుంటే కారులో ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పట్టాలు మారిన ఇంజిన్, దేశం మారిన మనుషులు... నేను నోరు తెరిచేలోపే తను నా ముఖం చూసి అంది: "దీన్ని నా గురించి చేయకమ్మా. ఇది ఇంజినే." ఊరుకున్నాను. తన ఇష్టాలన్నీ నాకు పాఠాలుగానే కనబడుతున్నాయని తను ఎప్పుడో పట్టేసింది. ఒక పని మీద ప్రేమ ఉండటానికి ఆ పని తన పుట్టుపూర్వోత్తరాల గురించి ఏమీ చెప్పక్కర్లేదు. పరాయి దేశంలో పిల్లల్ని పెంచే మాలాంటి వాళ్ళకు ఇది చాలా కష్టంగా ఎక్కే విషయం.

ఎక్కడ ఆపాలో కూడా తనకు నాకంటే బాగా తెలుసు. పాత ఇంజిన్లలో కొన్నిటికి జింక్ పెస్ట్ అనే తెగులు ఉంటుంది. జింక్‌తో పోతపోసిన భాగాల్లో సీసం లాంటి మలినాలు కలిస్తే, ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపలి నుంచే ఉబ్బి, పగిలి, పొడిపొడి అవుతుంది. 1929లో అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ బాగా శుద్ధి చేసిన జింక్‌తో జమాక్ అనే జింక్ మిశ్రమాలు తయారుచేశాక మంచి పోతకు దారి దొరికింది కానీ, మలినాలు కలిసిన చోటల్లా తెగులు తర్వాతా వచ్చింది. దానికి మందు లేదు. అలాంటిదొకటి వచ్చినప్పుడు జిగురుతో అతికిద్దామని నేను పట్టుబట్టాను. తను చట్రం మీది పగుళ్ళు చూపించి, చక్రాలూ మోటారూ తీసి డబ్బాలో దాచి, మిగతాది పక్కన పెట్టేసింది. నేనైతే ఆ రాత్రంతా జిగురు గురించే ఆలోచించేదాన్ని.

మా నాన్నగారు మోటారు వైండింగ్ పని చేసిన మనిషి. ఫ్యాన్లు, పంపుసెట్లు ఆయన చేతుల మీదుగా ఎన్నో పోయాయి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో మనవరాలి బల్ల చూసి, ఫోను ఇంకా దగ్గర పెట్టమన్నారు. అంత చిన్న కమ్యుటేటర్ ఆయన ఎన్నడూ చూడలేదట. "నిప్పురవ్వ ఎంత వస్తోంది బంగారం?" అని అడిగారు. తను మాటతో కాకుండా, లైటు ఆపి, మోటారు తిప్పి కెమెరాలో చూపించింది. "చుట్టూ వస్తోంది కదా, బ్రష్ సరిగ్గా ఆనట్లేదు. మొత్తం విప్పేసి కడుగు" అన్నారు ఆయన. అప్పుడు మా అమ్మాయి, నాతో తెలుగు వద్దన్న ఆ బల్ల దగ్గరే, తెలుగులో జవాబిచ్చింది: "మొత్తం విప్పను తాతయ్యా. ఇది పాత మోటారు. మాగ్నెట్ బయటికి తీస్తే దాని బలం పోతుంది. బ్రష్‌లు ఒక్కటే తీస్తా."

అది నిజమే. ఆ రకం పాత మోటార్లలోని అయస్కాంతాన్ని చుట్టూ ఉన్న ఇనుప చట్రం నుంచి ఊడదీస్తే శక్తి తగ్గిపోతుంది. మా నాన్నగారు కాసేపు ఆలోచించి, "అలాగా? అయితే వద్దులే. మరి గ్రీజు ఎలా తీస్తావు?" అని అడిగారు. తను చెప్పింది. తప్పులతో, తడబడుతూ, మధ్యలో ఇక్కడి మాటలు కలుపుకుంటూ చెప్పింది. ఆయన ఒక్క మాట కూడా దిద్దలేదు. తెలియక అడుగుతున్నారు, తెలుసుకోవాలని వింటున్నారు.

నేను అడిగేవన్నీ పరీక్ష ప్రశ్నలని నాకు అప్పుడు తోచింది. జవాబు కోసం కాదు, తెలుగు కోసం అడుగుతాను. ఆ తేడా పిల్లలకు తెలియకుండా ఉంటుందా?

అప్పటి నుంచి బల్ల దగ్గర నేను తన భాషలోనే మాట్లాడుతున్నాను. మిగతా ఇంట్లో తెలుగు నియమం అలాగే ఉంది. ఈ ఒప్పందం సరైనదేనా అని రోజూ అనుమానమే. ఒక చోట వదిలితే ఇంకో చోటా జారిపోతుందేమో. వదలకపోతే, తెలుగంటే తనను చిన్నపిల్లను చేసే భాషగానే మిగిలిపోతుందేమో. పని కలిసి చేయండి, మాటలు వాటంతటవే వస్తాయని ఎంతమందికో చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగితే అంత ధీమాగా చెప్పలేను. మాటలు రావడానికి పని ఒక్కటే చాలదు. అవతల ఉన్న మనిషికి ఆ మాట నిజంగా కావాలి.

నా కష్టం కూడా అక్కడే ఉంది. తాతయ్యకు తన భాష రాదు, అందుకే ఆయన కోసం తను తెలుగు వెతుక్కుంటుంది. నాకు తన భాష వచ్చు. వచ్చని తనకు తెలుసు. రానట్టు నటిస్తే తను ఒక్క నిమిషంలో పట్టేస్తుంది, పట్టేశాక నా మాట నమ్మదు. నాతో తెలుగు మాట్లాడాల్సిన అవసరం తనకు ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత వెతికినా నాకు జవాబు దొరకడం లేదు.