బొజ్జ మీదుగా పోయిన టేపు

ఒళ్లు ఎక్కువైన పిల్లల రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో చెప్పే పరీక్షలో, లక్షలు పోసి కొన్న యంత్రం కంటే దాని పక్కన వేలాడే కొలత టేపే ఫలితాన్ని ఎక్కువగా తారుమారు చేయగలదు. నెల్లూరు పొగతోటలో పిల్లల వైద్యం చేస్తున్న నా దగ్గరికి ఈ పరీక్షల కాగితాలు పట్టుకొని వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య కనిపిస్తున్నారు కనుక, ఆ అంకెలు ఎలా పుడతాయో కాస్త వివరంగా రాయాలనిపించింది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ బృహద్ధమనిలో పుట్టే పీడన తరంగం, రక్తం కదిలే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో నాళాల వెంబడి సాగిపోతుంది. నాళపు గోడ మెత్తగా సాగేదైతే తరంగం నిదానిస్తుంది. గోడ బిరుసైనా, మందమైనా వేగం పుంజుకుంటుంది. నాళం వెడల్పైతే మళ్లీ తగ్గుతుంది. ఈ సంబంధాన్ని 1878లోనే మోయెన్స్, కోర్టెవెగ్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు సూత్రబద్ధం చేశారు. మెడ పక్కన ఉన్న కెరోటిడ్ నాడికీ, గజ్జలో ఉన్న ఫిమొరల్ నాడికీ తరంగం చేరిన సమయాల్లో తేడాను యంత్రం పట్టుకుంటుంది. ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని మాత్రం మనిషే కొలవాలి. ఆ దూరాన్ని ఈ సమయంతో భాగిస్తే తరంగ వేగం వస్తుంది. తరంగం ఒకే సమయంలో మెడవైపు పైకీ, గజ్జవైపు కిందికీ ప్రయాణిస్తుంది కనుక, కొలిచిన దూరంలో 80 శాతాన్నే లెక్కలోకి తీసుకోవాలని 2012లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు.

పెద్దల్లో ఈ వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే ఆందోళనకరమని ఒక గీత ఉంది. పిల్లల్లో అది 5 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కనుక, చిన్న పొరపాటు కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

మెడ నుంచి గజ్జ దాకా తిన్నటి దూరం 50 సెంటీమీటర్లు ఉన్న ఒక పిల్లవాణ్ణి తీసుకుందాం. అందులో 80 శాతం 40 సెంటీమీటర్లు. తరంగానికి 80 మిల్లీసెకన్లు పడితే వేగం సరిగ్గా 5 మీటర్లు. అదే పిల్లవాడి పొట్ట ఉబ్బెత్తు మీదుగా టేపును ఒంటికి ఆనించి కొలిస్తే 53 వస్తుందనుకోండి, వేగం 5.3 అవుతుంది. నాళం పొడవు పెరగలేదు, బిరుసెక్కనూ లేదు, పెరిగింది టేపు దారి మాత్రమే. వయసుతో పాటు పిల్లల్లో ఏడాదికి సగటున పెరిగే వేగం ఇంతకంటే తక్కువ కనుక, ఆ 0.3 తేడాను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అందుకే టేపుకు బదులు పొట్టకు తగలకుండా తిన్నగా దూరం చూపే పెద్ద కాలిపర్ వాడాలి. అది లేకపోతే టేపును పొట్టకు పైగా, ఒంటికి సమాంతరంగా గాలిలో బిగించి పట్టుకోవాలి.

కొవ్వు మరో రకంగానూ అడ్డుపడుతుంది. మెడలో, గజ్జలో నాడి లోతుగా ఉండి స్పష్టంగా అందదు. పెన్సిల్ లాంటి సెన్సర్‌ను గట్టిగా అదిమితే పిల్లవాడు ఒళ్లు బిగిస్తాడు, గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటూ పెరుగుతుంది. రక్తపోటు పెరిగితే తరంగ వేగం దానంతటదే పెరుగుతుంది. ఎండలో మోటారుసైకిల్ మీద వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే బల్లెక్కిస్తే వచ్చే అంకెకు విలువ లేదు. కనీసం 10 నిమిషాలు నిశ్శబ్దంగా పడుకోనివ్వాలి, రెండుసార్లు కొలవాలి, రెంటికీ 0.5 మీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలిచి, మధ్యనున్న అంకెను తీసుకోవాలి. రక్తపోటు కొలిచే పట్టీలోని గాలిసంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. చేయి చుట్టుకొలత 32 సెంటీమీటర్లున్న పన్నెండేళ్ల పిల్లవాడికి "పిల్లల పట్టీ" చుట్టడం చాలాచోట్ల చూశాను. పట్టీ ఇరుకైతే రక్తపోటు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఒక తల్లి ఆరోగ్య శిబిరంలో ఇచ్చిన కాగితం నా ముందు పెట్టి, "ఇదేంది సార్, మా పిలగోడికి ముప్పై ఒక్క ఏళ్ల నరాలంట!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చేతికి ఒకే పట్టీ చుట్టి అంచనా కట్టే యంత్రమది. అలాంటివాటిలో చాలావరకు తరంగాన్ని రెండు చోట్ల పట్టుకోవు. రక్తపోటునూ వయసునూ పెద్దల లెక్కల్లో వేసి వేగాన్ని ఊహిస్తాయి. పిల్లలకు "నాళాల వయసు" అచ్చువేసి ఇవ్వడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

ఇంత జాగ్రత్తగా కొలిచినా జవాబు సూటిగా రాదు. స్థూలకాయం ఉన్న పిల్లల్లో వేగం ఎక్కువని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని కొన్ని, తక్కువేనని మరికొన్ని చెబుతున్నాయి. పెద్ద ఒంటికి తగినట్టు నాళాలు వెడల్పవడం, వేగం తక్కువ రావడానికి ఒక కారణం కావచ్చు. పైగా ఈ పిల్లలు తోటివారికంటే ముందే ఎత్తు పెరుగుతారు కనుక, వయసుతోనూ ఎత్తుతోనూ విడివిడిగా పోల్చి చూడాలి.

కాబట్టి మామూలు క్లినిక్‌లో ఒక్కొక్క పిల్లవాడికి ఈ పరీక్ష రాయను. సరైన పట్టీతో రక్తపోటు, నడుము చుట్టుకొలత, చక్కెర, కొవ్వుల పరీక్షలు నాకు ఎక్కువ చెబుతాయి. పరిశోధన కోసం చేసేవారికి మాత్రం ఒక మాట: ఆరు నెలల ఆటలు, ఆహార నియమాల తరువాత పొట్ట తగ్గిన పిల్లవాణ్ణి అదే టేపుతో మళ్లీ కొలిస్తే, దూరం తగ్గిన కారణంగానే వేగం తగ్గి, నాళాలు మెత్తబడ్డట్టు కనిపిస్తుంది. మొదటి రోజునే తిన్నటి దూరాన్నీ, ఎత్తునూ, ఏ సాధనంతో కొలిచారో ఆ వివరాన్నీ వేగం పక్కనే రాసి ఉంచితే, ఆ తగ్గుదలలో టేపు వాటా ఎంతో తరువాత తేల్చుకోవచ్చు.