టికెట్ మీద ఉన్న పేరు మా అక్కది కాదు

మా అక్కా నేనూ ఒక టూర్ కంపెనీ గ్రూపుతో ఇటలీ వెళ్లొచ్చాం. తెచ్చిన సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. మా అక్క అప్పుడే "పోనీలేవే" అనడం మొదలుపెట్టింది. ఆవిడ పోనిచ్చేకొద్దీ నాకు మండుతోంది.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. వీసా అంటే అందరూ భయపెట్టారు కానీ మాకు ఏ ఇబ్బందీ రాలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్, వేలిముద్రలు, అంతే. విమానం బాగుంది. భోజనాలు కూడా పర్వాలేదు. రాత్రిపూట ఇండియన్ హోటల్లో అదే పనీరు, అదే పప్పు. కొంతమంది దానికీ సణిగారు. రోము దాకా వచ్చి గోంగూర లేదేమని ముఖం ముడుచుకునేవాళ్లకి నేనేం చెప్పను?

వెనిస్‌లో బస అని బ్రోచర్‌లో ఉంది. తీరా వెళ్తే హోటల్ మెస్త్రేలో. అంటే వంతెనకి ఇవతల, నేల మీద ఉన్న ఊరు. అక్కడి మున్సిపాలిటీ లెక్కలో అదీ వెనిసే కాబట్టి కంపెనీ అబద్ధమాడిందని అనడానికి వీల్లేదు. పైగా ఒక లాభం కూడా ఉంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే సందర్శకుల మీద 2024లో పెట్టిన ప్రవేశ రుసుము, రాత్రి అక్కడే ఉండేవాళ్లకి వర్తించదు. బస్సు ట్రోన్‌కెట్టో దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పడవలో వెనిస్ నడిబొడ్డున ఉన్న శాన్ మార్కో చౌకుకి. ఆ పడవ దిగే క్షణం కోసం ఎంత డబ్బయినా పెట్టొచ్చు, అది ఒప్పుకుంటాను. ఆ తర్వాత మురానో దీవిలో గాజు కొలిమికి తీసుకెళ్లారు. 1291లో ఊరు తగలబడుతుందన్న భయంతో కొలిములన్నీ ఆ దీవికి తరలించారట. ఒక పెద్దాయన ఎర్రగా కాలిన గాజు ముద్దని పటకారుతో నాలుగు చోట్ల లాగి గుర్రాన్ని చేసి చూపించాడు. చూస్తూ ఉండిపోయాం. అది కాగానే షాపులోకి తోలి, కొనేదాకా బయటికి దారి చూపించరు. అక్కడ గడిచిన సేపట్లో డోజె, అంటే ఒకప్పటి వెనిస్ పాలకుడి రాజభవనం సగం చూడొచ్చు. కమిషన్ లేకుండా ఏ టూర్ కంపెనీ ఏ కొట్టు ముందూ బస్సు ఆపదు, అది గుర్తుపెట్టుకోండి.

ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి టూరిస్టు బస్సులు రానివ్వరు. నది ఒడ్డున దిగి నడవాలి. చీర కట్టుకునేవాళ్లు కూడా కింద స్పోర్ట్స్ షూ వేసుకోండి, ఎవరూ నవ్వరు. అక్కడి పెద్ద చర్చికి బ్రూనెల్లెస్కి కట్టిన ఆ గుమ్మటం కింద నిలబడితే మెడ నొప్పి పుట్టింది. చుట్టూ కర్రల సారువ కట్టి కింద నుంచి మోయకుండా 1436 నాటికి ఇంత గుమ్మటం పూర్తి చేశారంటే, మా ఊరి ఫ్లైఓవర్ కాంట్రాక్టర్‌ని ఒకసారి తీసుకొచ్చి చూపించాలనిపించింది. ఒక హెచ్చరిక: బ్రోచర్‌లో ఫొటో స్టాప్ అని రాసి ఉంటే బయటి నుంచే చూడాలని అర్థం. మాలో చాలామంది సిన్యోరియా చౌకులో ఉన్న డేవిడ్ విగ్రహంతో ఫొటోలు దిగి మురిసిపోయారు. అది నకలు. మైకెలాంజెలో చెక్కిన అసలుది అకాడమియా మ్యూజియంలో ఉంది, మా ప్యాకేజీలో అది లేదు. పీసాలో అందరూ ఫొటో కోసం చేతులు చాచి ఆ ఒరిగిన గోపురాన్ని మోశారు, మేమూ మోశాం.

బస్సు డ్రైవర్ గురించి ఒక మాట. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలని చట్టం. మా వాళ్లు "ఇంకో పావుగంట నడిపితే ఏం పోయింది" అని గొడవ. ఆయన నవ్వుతూ తాళం తీసి జేబులో వేసుకుని కాఫీకి వెళ్లిపోయేవాడు. రాత్రంతా నిద్ర లేకుండా నడిపిన డ్రైవర్లున్న బస్సులెక్కి బతికి బయటపడ్డవాళ్లం, మనం చట్టాన్ని చూసి విసుక్కోకూడదు.

ఇక రోమ్.

పాత రోమన్లు ఆటలు చూడ్డానికి కట్టుకున్న కొలోసియం టికెట్ మీద 2023 అక్టోబరు నుంచి మనిషి పేరు ఉంటుంది. టోకున కొనేసి బ్లాకులో అమ్మేవాళ్లని ఆపడానికి ఆ రూలు. గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపించి, పేరు కలిస్తేనే లోపలికి. తిరుమల దర్శనం టికెట్‌కి ఆధార్ అడిగినట్టే. రూలుని నేనేమీ అనను.

తప్పు జరిగింది హైదరాబాద్‌లో, టూర్ కంపెనీ ఆఫీసులో. మా అక్క పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంది. మన వైపు ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఇలాగే ఉంటుంది. టికెట్ల ఫారంలో మాత్రం రెండు గడులూ నింపాలి. టైపు చేసిన మహానుభావుడు అక్క పేరులో మొదటి మాట వెంకట తీసి మొదటి గడిలో కొట్టాడు. రెండో గడి కోసం పాస్‌పోర్ట్ చివరి పేజీకి వెళ్లి, భర్త పేరున్న చోట నుంచి మా బావగారి పేరు తెచ్చి పెట్టాడు. వెంకట మనలో ఆడవాళ్లకీ ఉంటుంది, మగవాళ్లకీ ఉంటుంది. పక్కన బావగారి పేరు చేరేసరికి అది నిక్షేపంలాంటి మగమనిషి టికెట్ అయి కూర్చుంది. బావగారు పోయి చాలా కాలమైంది.

ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేది. చేయలేదు. టికెట్లు ముందే చూపించమని నేను బస్సులో అడిగాను కూడా. "అన్నీ నా దగ్గర సేఫ్‌గా ఉన్నాయి మేడమ్, మీరు ఎంజాయ్ చేయండి" అన్నాడు మా టూర్ మేనేజర్. ముప్పై దాటని కుర్రాడు. ఎవరి టికెట్ వాళ్లకి గేటు ముందు పంచి, జెండా కర్ర పట్టుకుని ముందు వెళ్లిపోయిన గైడ్ వెనకాల తనూ లోపలికి వెళ్లిపోయాడు.

అక్క నా ముందుంది. గేటు దగ్గర కుర్రాడు టికెట్ చూశాడు, పాస్‌పోర్ట్ చూశాడు, మళ్లీ టికెట్ చూశాడు. "నో" అన్నాడు. అక్కకి అర్థం కాలేదు. నేను తొంగి చూస్తే బావగారి పేరు కనిపించింది. ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు.

అక్క ఆ పేరు చూసి, పాపం, సాయం చేద్దామనుకుని పాస్‌పోర్ట్ చివరి పేజీ తెరిచింది. "హస్బెండ్, మై హస్బెండ్" అని వేలు పెట్టి చూపించింది. దాంతో ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. అయితే ఈ టికెట్ ఆయనదే కదా, ఆయనెక్కడ, మీ టికెట్ ఎక్కడ అంటాడు. అక్క ఆకాశం వైపు వేలు చూపించింది. మనలో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ అబ్బాయి తలెత్తి కొలోసియం పై అంతస్తుల వైపు చూశాడు. "ఇన్‌సైడ్? ఆల్రెడీ?" అని మిషన్‌లో మళ్లీ ఏదో నొక్కి, ఈ టికెట్ మీద ఎవరూ లోపలికి వెళ్లలేదే అన్నాడు.

వెనకాల లైను ఆగిపోయింది. ఎవరో విసుగ్గా గొణిగారు. నేను గొంతు పెంచి "హి ఈజ్ డెడ్" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గొణుగుడు ఆగిపోయింది. అందరూ మా వంకే చూస్తున్నారు. అక్క కొంగు భుజం మీద సర్దుకుని పక్కకి చూస్తూ నిలబడింది. బావగారి కర్మకాండల్లో కూడా పదిమంది ముందు కన్నీళ్లు పెట్టని మనిషి ఆవిడ. ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. "సారీ, సిన్యోరా" అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. కానీ పేరు కలవలేదు కాబట్టి పక్కకి జరగమన్నాడు. మర్యాదగానే అన్నాడు. పక్కకి జరగడం మాత్రం జరగడమే.

తాడు కట్టిన స్తంభాల అవతల నిలబెట్టారు. ఎండ. నా టికెట్ సరిగ్గానే ఉంది, నేను వెళ్లొచ్చు. అక్క "నువ్వెళ్లి చూసిరావే, నేనిక్కడ కూర్చుంటా" అంది. కూర్చోవడానికి అక్కడేమీ లేదు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు. చెవిలో గైడ్ గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది, మెడలో వేలాడే ఆ చిన్న రేడియో డబ్బా పుణ్యమా అని. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీన్ని ప్రారంభించి వంద రోజులు ఆటలు ఆడించాడని చెబుతోంది. కింద అంతస్తు నుంచి జంతువులను ఎలా పైకి లాగేవారో చెబుతోంది. వాళ్లు దూరం వెళ్లేకొద్దీ మాటలు తెగిపోయి, కాసేపటికి ఉత్త గరగర మిగిలింది. తలెత్తితే పాత గోడ మీద ఒక్కో తోరణం పైనా రోమన్ అంకెలు చెక్కి ఉన్నాయి. ఎవరు ఏ ద్వారంలోంచి వెళ్లాలో ఆ కాలంలోనే నంబర్లు వేసుకున్నారు. అప్పటి జనం అంకె చూసుకుని వెళ్లిపోయేవారు, సర్‌నేమ్ గడి గొడవ లేదు.

మమ్మల్ని బయటపడేసింది ఆ ఇటాలియన్ గైడే. ఒక మెట్టు దగ్గర తలలు లెక్కపెడితే ఇద్దరు తగ్గారట. మా మేనేజర్ లెక్కపెట్టలేదు, ఆవిడ లెక్కపెట్టింది. వెనక్కి వచ్చి మమ్మల్ని చూసి, విషయం విని, చేతులు ఊపుతూ గేటు అబ్బాయితో మాట్లాడింది. అతను ఇంకొకావిడని పిలిచాడు. ఆవిడ పాస్‌పోర్ట్ తీసుకుని ఆఫీసులోకి వెళ్లింది. పాస్‌పోర్ట్ చేతిలోంచి పోతే ఎలా ఉంటుందో పరాయి దేశంలో నిలబడితే తెలుస్తుంది, నాకు చెమటలు పట్టాయి. చివరికి గ్రూపు జాబితాలో పాస్‌పోర్ట్ నంబరు కలిసింది, వీసా మీద ఫొటో కలిసింది. ఏదో కాగితం మీద అక్క చేత సంతకం చేయించుకుని వదిలారు. అక్క తెలుగులో సంతకం పెట్టింది, ఎప్పుడూ అంతే.

లోపలికి వెళ్లేసరికి మా గ్రూపు పక్కనే ఉన్న ఫోరమ్ శిథిలాల వైపు బయల్దేరుతోంది. అక్క కటకటాల దగ్గరికి వెళ్లి కిందనున్న గోడల చిక్కుని చూసింది. "సింహాలు ఇక్కడ నుంచేనా?" అని అడిగింది. గైడ్ అవునని, మా ఇద్దరికోసం మళ్లీ మొదటి నుంచి కాస్త చెప్పింది. మేనేజర్ అప్పుడొచ్చాడు. "చిన్న స్పెల్లింగ్ ప్రాబ్లం మేడమ్, అప్పుడప్పుడు అవుతుంటుంది" అన్నాడు. ఒక మనిషిని, కాలం చేసిన మొగుడి పేరు పెట్టి పిలవడం స్పెల్లింగ్ తప్పట. ఆ మాటకి నేనేమన్నానో ఇక్కడ రాయను.

ఆ సాయంత్రం బస్సులో వాటికన్ జాబితా కాగితం అతని చేతిలోంచి తీసుకున్నాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, హాజరు పట్టీ పిలవడం నాకొక లెక్క కాదు. ఒక్కొక్కరి పాస్‌పోర్ట్ తీయించి పేరు పేరునా సరిచూశాను. ఒకరి ఇంటిపేరులో అక్షరం పోయింది, ఒక డాక్టరుగారి పేరు ముందు డాక్టర్ అనేదే పేరైపోయింది. అన్నీ దిద్ది రాత్రికే పంపించాను. మర్నాడు వాటికన్‌లో మమ్మల్ని ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు. అయినా మంచిదే. అక్కడ ఆపింది స్లీవ్‌లెస్ వేసుకొచ్చిన అమ్మాయిల్ని, భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. మా చీరలకి అడ్డం లేదు. సిస్టీన్ చాపెల్‌లో మాట్లాడొద్దు, ఫొటోలు తీయొద్దు అని ముందే చెప్పినా మనవాళ్లు ఇద్దరు ఫోన్లు ఎత్తారు. కాపలా మనిషి అరుపుకి అందరం తల దించుకున్నాం. దేశం పరువు తీయడానికి కూడా టికెట్ కొనుక్కుని వెళ్తారు కొందరు.

వెళ్లేవాళ్లు ఇది చేయండి. డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి: పేర్లున్న ప్రతి టికెట్ కాపీ బయల్దేరే ముందు మాకు పంపాలి అని. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఏం రాయాలో మీరే మెయిల్‌లో రాసివ్వండి, వాళ్ల తెలివికి వదలొద్దు. చేతిలో చిల్లర యూరోలు ఉంచుకోండి, దారిలో చాలాచోట్ల బాత్రూముకి కూడా డబ్బే. హోటల్లో సిటీ ట్యాక్స్ విడిగా అడుగుతారు. రోమ్‌లో నీళ్ల బాటిల్ కొనకండి, వీధి కుళాయిల నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి.

కంపెనీకి మెయిల్ పెట్టాను. తదుపరి టూర్‌లో తగ్గింపు ఇస్తామని జవాబు వచ్చింది. క్షమాపణ అడిగాను, కూపన్ కాదు అని తిరిగి రాశాను. దానికి ఇంకా జవాబు లేదు.

ఆఖరి రోజు టిప్పు కవర్లు పంచారు. నేను డ్రైవర్‌కి పెట్టాను, కాఫీ ఆయన సొంత డబ్బుతో తాగాల్సిన పని లేకుండా. గైడ్‌కి రోమ్‌లోనే చేతికిచ్చాను. మేనేజర్ కవరు ఖాళీగా తిరిగిచ్చాను, దాని మీద నా పేరు స్పష్టంగా రాసి మరీ. అక్క మాత్రం అతనికి కూడా ఇచ్చిందని ఎయిర్‌పోర్టులో తెలిసింది. "కుర్రాడు, ఉద్యోగం పోతుందేమోనే" అంటుంది. పోనీ అన్నాను. ఆ విషయం మీద మా ఇద్దరికీ ఇంకా పడటం లేదు.