టర్కీ మీట్‌బాల్స్: ఏడు విడతల నోట్సు

ఇప్పటికి ఏడు విడతలు అయ్యాయి. ప్రతి విడతకూ 500 గ్రాముల టర్కీ కోడి కీమా, పచ్చిగా తూస్తే ఒక్కో ఉండ 35 గ్రాములు, అదే ఓవెన్, అదే ట్రే. మూడో విడత నుంచి ఒకసారికి ఒక్కటే మార్చాలన్న నియమం పెట్టుకున్నాం. మొదటి రెండింట్లో అన్నీ కలిపి మార్చేయడం వల్ల ఏది దేనివల్ల చెడిందో తేల్చడానికే సగం బుర్ర ఖర్చయింది. డిజిటల్ త్రాసు, సూదిలా గుచ్చే థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మిగతా సామాను ఏదున్నా నడుస్తుంది.

టర్కీతో చిక్కంతా నీళ్లతోనే. 65 డిగ్రీల సెల్సియస్ దాటాక కండ పోగులు గట్టిగా ముడుచుకుని, లోపలి తడిని బయటికి పిండేస్తాయి. కోడి జాతి కీమా కాబట్టి మధ్యలో 74 డిగ్రీలు రాకుండా దించడానికి లేదు. అంటే పిండడం ఎలాగూ జరుగుతుంది. కొవ్వున్న మాంసమైతే ఆ లోటు తెలియనివ్వదు, టర్కీలో ఆ కొవ్వే తక్కువ. పిండిన తడిని ఉండలోనే పట్టి ఉంచేది ఏదో ఒకటి మనమే పెట్టాలి.

మొదటి విడత

రొమ్ము కీమా. ప్యాకెట్ మీద 99 శాతం కొవ్వు రహితం అని ఉండే రకం. పిండిపదార్థం తగ్గించాలని బ్రెడ్ పొడి పూర్తిగా మానేసి, కట్టుబడడానికి రెండు గుడ్లు వేశాం. 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. 35 గ్రాముల ఉండ 25కు దిగింది. చాకుతో కోస్తే పొడిపొడిగా రాలింది, నమిలితే మాత్రం రబ్బరులా సాగింది. పొడితనం ఎక్కువ కాలిన మాంసానిది, రబ్బరుతనం గుడ్లది. అర కిలోకి ఒక్క గుడ్డు చాలు. రెండోది వేస్తే ఉండలో ఆమ్లెట్ తయారవుతుంది.

ట్రే మీద ప్రతి ఉండ చుట్టూ తెల్లటి గడ్డలు కట్టాయి. అది కొవ్వు కాదు. మాంసంలోంచి కారిన నీళ్లలోని ప్రోటీన్ వేడికి గడ్డకట్టడం. కాస్త కనిపిస్తే పరవాలేదు. ఉండ అడుగున గిన్నెలా పేరుకుందంటే ఎక్కువ కాలినట్టు, లేదా లోపల తడిని పట్టేది ఏదీ లేనట్టు.

రెండో విడత

రొమ్ము, తొడ కలిసిన కీమాకు మారాం. 93 శాతం మాంసం, 7 శాతం కొవ్వు. ఇక్కడొక గట్టి అభిప్రాయం: ఆరోగ్యం పేరుతో 99 శాతం రకం కొనడం ఈ వంటకు అనవసరం. తేడా 100 గ్రాములకు ఆరేడు గ్రాముల కొవ్వు. రొమ్ము కీమా ఎండిపోయిందని పైన చీజ్ చల్లితే ఆ ఆదా అంతా అక్కడే పోతుంది. రొమ్ము కీమా తప్పదంటే 100 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీళ్లు ఇగిరేదాకా వేయించి, చల్లార్చి, రెండు టీస్పూన్ల ఆలివ్ నూనెతో కలపండి.

ఈ విడతలో 60 గ్రాముల బ్రెడ్ పొడి పొడిగానే వేశాం. తప్పు అదే. పొడి బ్రెడ్ తన దాహం మాంసంతోనే తీర్చుకుంటుంది. ఉండలు గట్టిగా, బరువుగా, ముద్ద పిండిలా వచ్చాయి.

మూడో విడత

బ్రెడ్ పొడి 40 గ్రాములకు తగ్గించి, 80 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు నానబెట్టాం. బ్రెడ్‌లో ఈ మార్పుతో 35 గ్రాముల ఉండ కాలాక 29 దగ్గర ఆగింది. నానిన పిండి వేడికి జిగురు గుజ్జుగా మారి, కండ పోగుల మధ్య దూరి, అవి ఒకదానికొకటి బిగుసుకోకుండా అడ్డం పడుతుంది. పోగులు వదిలిన తడినీ అదే పీలుస్తుంది.

నానిన ముద్ద ఎలా ఉండాలో చూసి తెలుసుకోవాలి. గిన్నె వంచితే పాలు వేరుగా జారకూడదు, స్పూనుతో తీస్తే మెల్లగా ఒక్క ముద్దగా జారిపడాలి. వేళ్ల మధ్య నలిపితే ఇసకలా రవ్వ తగిలిందంటే ఇంకో స్పూను పాలు పోసి ఐదు నిమిషాలు ఆగండి. తాజా బ్రెడ్ అయితే అంచులు తీసేసిన 60 గ్రాములకు 60 మిల్లీలీటర్ల పాలు చాలు, దానిలో తడి ముందే ఉంటుంది. పాలు పడనివాళ్లు చప్పటి సోయా పాలు గానీ మామూలు నీళ్లు గానీ వాడొచ్చు. నీళ్లతో రుచి కాస్త తగ్గుతుంది, మెత్తదనం తగ్గదు.

నాలుగో విడత

ఉల్లిపాయ. పచ్చిది 100 గ్రాములు తురిమి నేరుగా వేస్తే ముద్ద జారుడుగా తయారై, ట్రే మీద ఉండలు బిళ్లల్లా చదునైపోయాయి. తురిమిన ఉల్లిలోంచి ఊరే నీళ్లు పాలతో కలిసి లెక్క తప్పిస్తాయి. పెద్ద ముక్కలుగా తరిగితే ఇంకో తిప్పలు, ముక్క ఉన్నచోట ఉండ పగులుతుంది. 80 గ్రాములు చాలా సన్నగా తరిగి, టీస్పూను నూనెలో చిన్న మంట మీద ఏడెనిమిది నిమిషాలు మగ్గించి, పూర్తిగా చల్లార్చి వేస్తే రెండు బాధలూ తప్పాయి. తీపిదనం కూడా వస్తుంది. వేడి ఉల్లి కీమాలో కలిపితే కొవ్వు కరిగి ముద్ద జిడ్డుగా మారుతుంది, కాబట్టి చల్లార్చడం మానొద్దు. జుకినీ (దోసకాయలా ఉండే కూరగాయ), క్యారెట్ లాంటివి కలపాలనుకుంటే తురిమి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాల తర్వాత బట్టలో గట్టిగా పిండి వేయాలి. పిండకముందు తూచి, పిండాక తూస్తే ఎంత నీరు పోయిందో కళ్లకు కడుతుంది.

ఐదో విడత

ఉప్పు, కలపడం. ఈ రెండూ ఒకే విషయం కింద రాస్తున్నాం, ఎందుకంటే ఉప్పు తగిలిన మాంసాన్ని ఎంత పిసికితే అంత జిగురు పుడుతుంది. ఉప్పు కండలోని ప్రోటీన్‌ను కరిగిస్తుంది, అది పోగుల్ని అతుకుతుంది. కొంచెం కావాలి, లేకపోతే ఉండ విడిపోతుంది. ఎక్కువైతే సాసేజ్‌లా, అంటే తొక్కలో కూరిన మాంసంలా, తుళ్లుతుంది.

వరుస ఇలా స్థిరపడింది. పెద్ద గిన్నెలో నానిన బ్రెడ్ ముద్ద, గిలకొట్టిన గుడ్డు, చల్లారిన ఉల్లి, నూరిన రెండు వెల్లుల్లి రెబ్బలు, 15 గ్రాముల తరిగిన పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు), 6 గ్రాముల ఉప్పు, అర టీస్పూను మిరియాల పొడి ముందే బాగా కలిపేయాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన కీమాను చివర్లో చిన్న చిన్న ముద్దలుగా తుంచి వేయాలి. వేళ్లు విడదీసి, పంజాలా పెట్టి, కింది నుంచి పైకి తిప్పుతూ 40 సెకన్లు. అరచేత్తో నొక్కొద్దు. కీమా గీతలు అక్కడక్కడా ఇంకా కనిపిస్తూ, గిన్నె అంచుల నుంచి ముద్ద ఊడి వస్తుంటే ఆపేయాలి. ముందు రాత్రే ఉప్పుతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి చూశాం. పొద్దుటికి సాసేజ్ ముద్ద అయింది. కలిపాక అరగంట చలి చాలు, ఆ చలికి బ్రెడ్, కొవ్వు బిగుసుకుని ఉండ గుండ్రంగా నిలుస్తుంది.

ఉప్పు మాంసం బరువులో 1.2 శాతం పడింది. స్పూన్లతో కొలవొద్దు, కల్లుప్పుకూ మెత్తటి ఉప్పుకూ స్పూను బరువు ఒకటి కాదు. కొన్ని టర్కీ ప్యాకెట్లలో ఉప్పునీరు ముందే ఎక్కించి ఉంటుంది. లేబుల్ మీద అలా ఉంటే 4 గ్రాములతో మొదలుపెట్టండి. పచ్చి ముద్ద నాలుక మీద పెట్టి చూడడం కుదరదు కాబట్టి, ఒక టీస్పూను ముద్దను బిళ్లగా అద్ది పెనం మీద పూర్తిగా కాల్చి రుచి చూడండి. రెండు నిమిషాల పని. దాన్ని దాటేసి 21 ఉండలు చప్పగా చేసుకున్న విడత కూడా ఈ ఏడింట్లో ఉంది.

ఆరో విడత

వేడి. 180, 200, 220 డిగ్రీలు మూడూ చూశాక 220 దగ్గర ఆగాం. తక్కువ వేడిలో మధ్య భాగం 74కు చేరేలోగా పైభాగం రంగు రాకుండానే ఎండిపోతోంది. 220లో 35 గ్రాముల ఉండకు 12 నుంచి 14 నిమిషాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200 చాలు. ట్రే మీద బేకింగ్ పేపర్, ఉండల మధ్య రెండు వేళ్ల ఎడం. దగ్గరగా పేరిస్తే ఆవిరి నిలిచి కాలడానికి బదులు ఉడుకుతాయి. అడుగు చదునుగా నల్లబడుతుంటే ట్రేలో తీగ జాలీ పెట్టి దానికి నూనె రాయండి.

ఉండలన్నీ ఒకే బరువుంటేనే ఈ నిమిషాలకు అర్థం. 25 గ్రాములవీ 45 గ్రాములవీ ఒకే ట్రేలో పెడితే ఒకటి ఎండుతుంది, ఇంకొకటి పచ్చిగా ఉంటుంది. చేతులు తడి చేసుకుని చుట్టాలి, నాలుగైదు ఉండలకోసారి మళ్లీ తడపాలి. థర్మామీటర్‌ను పైనుంచి కాకుండా పక్కనుంచి, అన్నిటికన్నా పెద్ద ఉండ నడిబొడ్డుకు గుచ్చండి. పైనుంచి గుచ్చితే మొన ట్రేను తాకి తప్పుడు అంకె చూపిస్తుంది.

రంగును నమ్మొద్దు. 74 దాటినా టర్కీ లోపల లేత గులాబీగా ఉండొచ్చు, ముఖ్యంగా తొడ మాంసం ఎక్కువున్నా, గ్యాస్ ఓవెన్‌లో కాల్చినా. తెల్లబడినంత మాత్రాన ఉడికిందనీ కాదు.

సాస్‌లో వేయాలంటే 230 దగ్గర 8 నిమిషాలు పైపైన కాల్చి, సన్నగా కదులుతున్న టమాటా సాస్‌లో మూత పెట్టి 8 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. చివర 74 వచ్చిందో లేదో ఇక్కడా చూడాల్సిందే. సాస్ తెర్లితే ఉండలు అంచుల్లో చిట్లుతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో 190 దగ్గర 9, 10 నిమిషాలు, ఒకే వరస, మధ్యలో ఒకసారి కదపాలి.

ఏడో విడత

బ్రెడ్ బదులు ఓట్స్. 40 గ్రాముల త్వరగా ఉడికే ఓట్స్‌ను మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, 90 మిల్లీలీటర్ల పాలలో పావుగంట. ఓట్స్ పీచుకు నీళ్లను జిగురుగా పట్టే గుణం ఉంది కాబట్టి మెత్తదనం బ్రెడ్‌తో సమానంగా వచ్చింది, రంగు కాస్త తగ్గింది. మెత్తటి పిండిగా చేస్తే మాత్రం పళ్లకు అంటుకుంటోంది. బాదం పొడితోనూ ఒక పది ఉండలు చేశాం. అది నీళ్లను పట్టదు. నూనె వదిలి, ఉండ వేలితో తాకితే విడిపోయింది.

లెక్కలు

ఉల్లి, పాలు, బ్రెడ్ అన్నీ కలిసి ముద్ద 750 గ్రాముల చిల్లర, 35 గ్రాముల లెక్కన 21 ఉండలు. నాలుగు ఉండలకు సుమారు 210 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్, 9, 10 గ్రాముల కొవ్వు. వేసిన ఉప్పు నాలుగు ఉండలకు 1.1 గ్రాములపైన పడుతుంది, బ్రెడ్‌లోది అదనం. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి తినేటప్పుడు పోసే సాస్‌లో ఉప్పు విడిగా తగ్గించుకోవాలి. డబ్బా సాస్ అయితే ఉండల్లో కన్నా దానిలోనే ఎక్కువ ఉండొచ్చు.

నిల్వ

పచ్చి కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే. కాల్చిన ఉండలు రెండు గంటల్లోగా ఫ్రిజ్‌కు చేరాలి, అక్కడ మూడు నాలుగు రోజులు. ఫ్రీజర్‌కైతే ట్రే మీద విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేసి గాలి తీసేయాలి. మూడు నెలల దాకా రుచి నిలుస్తుంది. మర్నాడు వేడి చేసినప్పుడు టర్కీకి ఒక పాత వాసన వస్తుంది. దానిలోని కొవ్వు గాలి తగిలి చెడడమే కారణం. సాస్‌లో ముంచి దాచినవాటికి ఆ వాసన బాగా తక్కువ. ఉత్తవి దాస్తే రెండు స్పూన్ల నీళ్లు చల్లి, మూత పెట్టి, మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద మధ్యలో 74 వచ్చేదాకా వేడి చేయాలి.

ఎనిమిదో విడతకు రాసి పెట్టుకున్నది: ఓట్స్‌తోనే 20 గ్రాముల చిన్న ఉండలు, సూప్‌లోకి. 220 దగ్గర 8వ నిమిషానికే థర్మామీటర్ గుచ్చి చూడాలి.