లడ్డూ వద్దన్నంత సులువు కాదు

పొద్దున ఆఫీసులో పక్క సీటావిడ కొండకు వెళ్ళొచ్చి అందరికీ లడ్డూ పంచింది. నా దగ్గరికొచ్చేసరికి బ్యాగులోంచి జామకాయ తీసి ఇచ్చింది. తిరుపతిలో పుట్టి పెరిగిన క్రైస్తవులకు ఇది మామూలే. ఆవిడా ఏమీ అనుకోదు, నాకూ ఇబ్బంది లేదు. బబులోను రాజు పెట్టిన భోజనం వద్దన్న దానియేలుతో నన్ను పోల్చుకుంటే నవ్వొస్తుంది. అతను పరాయి దేశంలో బందీ. నేను సొంతూళ్ళో నెల జీతం తీసుకుంటున్న మనిషిని.

సాయంత్రం రుయా ఆసుపత్రి దగ్గర బస్సు దిగుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది, తమ్ముడికి సంబంధం గురించి.

"మనవాళ్ళేనమ్మా, రక్షణ పొందిన కుటుంబం. పాప నగలు కూడా పెట్టుకోదు. రేణిగుంట వైపు ప్లాటు రాసిస్తారంట. కారు మనం అడిగితే కాదనరు."

పిల్ల మెడలో గొలుసు ఉండకూడదు గానీ ప్లాటు మన పేరు మీద ఉండాలి! "ఈ లోక మర్యాదను అనుసరింపక" అనే బైబిలు వాక్యం, రోమా 12:2, మా హాల్లో క్యాలెండర్ మీదే ఉంది. దాన్ని మేం సినిమాలకు, బొట్టుకు, బంగారానికి బాగానే వర్తింపజేస్తాం. బయటికి కనబడేవి కదా, మానేస్తే పదిమందికీ తెలుస్తుంది. 1961లోనే చట్టం వద్దన్న కట్నం దగ్గరికొచ్చేసరికి లోకస్తులకూ మాకూ తేడా వెతుక్కోవాలి.

పెళ్ళిళ్ళలో పాస్టర్లు ఇస్సాకు, రిబ్కాల కథ చెప్పకుండా ఉండరు. ఆదికాండం 24లో వెండి బంగారాలు, బట్టలు ఇచ్చింది మగపెళ్ళివారు. పిల్ల అన్నకు, తల్లికి కూడా విలువైన కానుకలిచ్చారు. ఇస్సాకు కొడుకు యాకోబైతే, రాహేలును పెళ్ళాడడం కోసం 7 ఏళ్ళు మామ మందలు కాశాడు, మోసపోయి ఇంకో 7 ఏళ్ళు. ఆ భాగాలు వరుడి తండ్రికి వినబడేలా చదివితే బాగుండు.

ఏమీ వద్దని చెప్పేద్దామన్నాను పెద్దమ్మతో. ఆమెకు నిజంగానే కంగారు పుట్టింది. "అట్లయితే పిల్లోడికేదో లోపముందనుకుంటారు కదమ్మా!"

నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది నిజమే, అనుకుంటారు. లడ్డూ వద్దంటే మంచి విశ్వాసి అంటారు. కట్నం వద్దంటే చర్చిలోనే అనుమానంగా చూస్తారు.

తమ్ముడికి చెబితే, "అనుకోనీలే అక్కా, ఈఎంఐ కట్టి బండి కొనుక్కోలేనా?" అన్నాడు. అమ్మ మాత్రం ప్లాటు ఎన్ని అంకణాలని అడిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మాయి వాళ్ళు వస్తారట. అమ్మ నోరు తెరవకముందే ఏమీ వద్దన్న మాట నేనే చెప్పెయ్యాలి.