లాలాజల గ్రంథులు దొరికాయోచ్!

ఒక ఫోర్సెప్స్‌తో పళ్ల ఈగ లార్వా (పిల్లపురుగు) ఒంటిని నొక్కిపట్టి, రెండోదాంతో నల్లటి నోటి కొక్కేల్ని పట్టుకుని మెల్లగా లాగాను. సెలైన్ చుక్కలోకి గ్రంథులు రెండూ జంటగా జారి వచ్చేశాయి. ఉడికిన సగ్గుబియ్యంలా తళతళలాడుతూ!

పక్కనే అంటుకున్న తెల్లటి కొవ్వును వదిలించడమే అసలు తలనొప్పి. అది మిగిలితే స్లైడంతా మసకే.

అన్నట్టు, ఏ పురుగు పడితే అది పనికిరాదు. తిండి మానేసి సీసా గోడ ఎక్కుతుంటుందే, ఆ మూడో దశ లార్వానే కావాలి.

తర్వాత ఆర్సీన్ రంగు, కవర్‌స్లిప్, బొటనవేలితో ఒక్క నొక్కు. మైక్రోస్కోపులో చూస్తే అడ్డచారల క్రోమోజోములు! కణ విభజన జరక్కుండానే డీఎన్ఏ పదే పదే రెట్టింపై, వెయ్యి దాకా పోగులు ఒకే కట్టగా ఉండిపోతాయి. అందుకే అంత లావు. 1933లో పెయింటర్ అనే శాస్త్రవేత్త ఈ ఈగలోని ఆ చారల్నే బొమ్మ గీసి చూపించాడు. ఆయన ఓపికకు దండం పెట్టాలి.

అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "అరటిపళ్ల మీద ముసిరే ఈగలకా ఇంత సేవ?" అంది.

అవునమ్మా, వాటికే. రేపు రెక్కల డిస్కులు (లార్వాలో ఉండే, తర్వాత రెక్కలుగా మారే కణాల ముద్దలు) తీయాలి, అవి ఇంకా చిన్నవి.