వాటర్లూ బల్ల మీదికి చేరేదాకా: చదివిన పుస్తకాలు, ఊడబీకిన బేసులు

చిన్న బొమ్మల సైన్యాలతో పాత యుద్ధాలను బల్ల మీద ఆడే మా ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు బొమ్మలకు రంగులేయడం మొదలుపెట్టీ పెట్టకముందే అడిగే మాట ఒకటుంది: "ఏ పుస్తకం చదవమంటారు?" ఇన్నాళ్లూ నాలుగు లావుపాటి పుస్తకాల పేర్లు చెప్పి తప్పించుకునేవాణ్ణి. వాటిలో రెండు నేనే సగంలో వదిలేశానన్న సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. 6 మి.మీ. బొమ్మలతో 1815 నాటి వాటర్లూ యుద్ధం (ఒకవైపు నెపోలియన్ ఫ్రెంచి సైన్యం, మరోవైపు వెలింగ్టన్ నడిపిన బ్రిటిష్ పక్షం, వాళ్లకు తోడొచ్చిన ప్రష్యన్లు) మొత్తం బల్ల మీదికి తేవాలని కూర్చున్నాక పద్ధతి మార్చాను. ఒక పుస్తకం చదివాక నా బల్ల మీద ఏదైనా మారాలి. బేసు (బొమ్మలను అంటించే పలక) కొలతో, రూలో, రంగో, టర్న్ (ఆటలో ఒక వంతు) నిడివో, ఏదైనా సరే. అలా మారితేనే ఆ పుస్తకం పేరు ఇంకొకరికి చెబుతాను. ఈ ఏడు నెలల్లో ఏది ఏం మార్చిందో డైరీలోంచి ఎత్తి రాస్తున్నాను.

మొదటి నెల

రంగులు ముట్టుకోలేదు, కొలతలతోనే సరిపోయింది. డేవిడ్ చాండ్లర్ 1966లో రాసిన 'ద క్యాంపెయిన్స్ ఆఫ్ నెపోలియన్' వెయ్యి పేజీలు దాటే పుస్తకం. మొదటి పేజీ నుంచి చదువుదామని కూర్చుంటే వేసవి మొదలై వానాకాలం వెళ్లిపోతుంది. నేను 1815 భాగం, సైన్యాల నిర్మాణం గురించిన అధ్యాయాలు మాత్రమే చదివాను. మ్యాపులను ట్రేసింగ్ కాగితం మీద దించుకున్నాను. కొత్తవాళ్లకు కూడా ఇదే చెబుతాను: దీన్ని నిఘంటువులా వాడండి, నవలలా వాడొద్దు.

బ్రిటిష్ పదాతి రెండు వరుసల్లో నిలబడేది, ఫ్రెంచి పదాతి మూడు వరుసల్లో. ఇది అందరికీ తెలిసిన విషయమే, కానీ దాన్ని స్కేలు పెట్టి కొలిస్తేనే ఆటకు పనికొస్తుంది. పటాలానికి (బెటాలియన్‌కు) లెక్క కోసం 600 మంది అనుకుందాం. మనిషికి సుమారు 55 సెం.మీ. చోటు. రెండు వరుసలైతే ముందు వరుసలో 300 మంది, అంటే 165 మీటర్లు. మూడు వరుసలైతే 200 మంది, 110 మీటర్లు. నిష్పత్తి 3:2. అందుకని బ్రిటిష్ బేసు 60 మి.మీ., ఫ్రెంచి బేసు 40 మి.మీ. వెడల్పు పెట్టాను. నా బొమ్మలు నాలుగేసి చొప్పున 20 మి.మీ. పట్టీల మీద వస్తాయి. బ్రిటిష్ బేసు మీద వరుసకు మూడు పట్టీలు, రెండు వరుసలు. ఫ్రెంచి బేసు మీద వరుసకు రెండు పట్టీలు, మూడు వరుసలు. రెండింటికీ 24 బొమ్మలే! ఆ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు కదా.

ఈ కొలత ప్రకారం బల్ల మీద 1 మి.మీ. నేల మీద 2.75 మీటర్లు. యుద్ధం జరిగిన ముఖభాగం దాదాపు 5 కిలోమీటర్లు కాబట్టి బల్ల పొడవు 180 సెం.మీ. చాలు. అసలు వాటర్లూ ఎంత ఇరుకైన చోట జరిగిందో ఈ అంకెతోనే నాకు అర్థమైంది. ఒకటిన్నర లక్షకు పైగా మనుషులు అంత చోటులో.

రెండో నెల

తప్పు బయటపడింది. ఫ్రెంచి సేనాని డెర్లోన్ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ముందుకు కదిలినప్పుడు కొన్ని డివిజన్లు విచిత్రమైన వ్యూహంలో వచ్చాయి. ఒక్కో పటాలం మూడు వరుసల్లో నిలబడింది. దాని వెనక నాలుగైదు అంగల ఎడంలో ఇంకో పటాలం, దాని వెనక మరొకటి, అలా ఎనిమిది దాకా. నా బేసుల లోతు 30 మి.మీ. ఎనిమిదింటిని ఒకదాని వెనక ఒకటి పెడితే 240 మి.మీ. అయింది. నేల మీద అది 660 మీటర్లు! నిజానికి ఆ మొత్తం గుంపు లోతు వంద మీటర్లు కూడా ఉండదు. నా బల్ల మీద ఆ డివిజన్ తోక ఇంకా ఫ్రెంచి ఫిరంగుల దగ్గరే ఉంటే, తల బ్రిటిష్ గుట్ట సగం దూరం దాటేసింది.

రంగులేసి, ఇసుక అంటించి, గడ్డి చల్లి, వార్నిష్ కూడా కొట్టేసిన 16 బేసులు ఊడబీకాను. పీవీఏ జిగురు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెడితే పట్టీలు వదిలాయి. సూపర్ గ్లూ వాడి ఉంటే బొమ్మల కాళ్లు విరిగేవి. ఇప్పుడు ఆ ఎనిమిది పటాలాలకు కలిపి ఒకే బేసు. 40 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. లోతు, పట్టీలు ఐదు వరుసల్లో ఒత్తుగా. చూడ్డానికి భయంగా ఉంటుంది, కానీ పక్క నుంచి అశ్వదళం వస్తే తిరగడానికి చోటుండదు. ఆ రోజు జరిగింది కూడా అదే. బ్రిటిష్ భారీ అశ్వదళం మీద పడేసరికి ఆ గుంపులు విచ్చిపోయాయి. ఇందుకోసం నేను ప్రత్యేక రూలు ఏదీ రాయలేదు, బేసు ఆకారమే ఆ పని చేసిపెడుతోంది.

మూడో నెల

బొమ్మల వేగం పెరిగింది. పట్టీలను వెడల్పాటి పుల్లకు అంటించి, నల్ల ప్రైమర్, దాని మీద దాదాపు ఆరిన బ్రష్‌తో బూడిదరంగు (డ్రై బ్రష్), తర్వాత కోటు, ప్యాంటు, చివర్లో తెల్ల పటకాలు, ఆఖరున పలచటి గోధుమరంగు పూత (వాష్). 24 బొమ్మలకు నలభై నిమిషాలు. ముఖాలకు ఒక్కో చుక్క చాలు, కళ్ల జోలికి పోకండి.

యూనిఫాంల కోసం ఆస్ప్రే అనే ప్రచురణకర్తల మెన్-ఎట్-ఆర్మ్స్ పుస్తకాలే దిక్కు. 48 పేజీలు, మధ్యలో రంగుల పలకలు. వాటిని పుస్తకాలుగా కాక పనిముట్లుగా చూడండి, బ్రష్ పక్కనే తెరిచి పెట్టుకోవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. పలకల్లో ఉండేది ఎక్కువగా కవాతు వేషం. 1815 జూన్‌లో చాలామంది ఫ్రెంచి సైనికులు పొడవాటి పైకోట్లు తొడుక్కుని, షాకోలకు (ఎత్తు టోపీలకు) గుడ్డ తొడుగులు వేసుకుని పోరాడారు. అంతా ఒకే నీలం వేయడం తప్పు, పైగా కష్టం కూడా. బూడిద, గోధుమ, మట్టి రంగులు కలగాపులగంగా వేస్తే పని సగమవుతుంది, నిజానికీ దగ్గరవుతుంది.

అన్నట్టు, లా హే సాంత్ పొలం ఇంటిని కాపాడిన వాళ్లకు నేను మొదట ఎర్రకోట్లు వేశాను. వాళ్లు బ్రిటిష్ సైన్యంలోని జర్మన్ దళమైన కింగ్స్ జర్మన్ లీజియన్ రెండో లైట్ పటాలం, వాళ్లది ఆకుపచ్చ. పలక చూడకుండా "బ్రిటిష్ వైపు కదా, ఎరుపే" అనుకున్నందుకు మళ్లీ మొదటికొచ్చాను.

నాలుగో నెల

ఎవరైనా ఒక్కటే పుస్తకం చెప్పమంటే నేను జాన్ కీగన్ 'ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్' చెబుతాను. 1976లో వచ్చింది. మూడే యుద్ధాలు: 1415 అజాన్‌కూర్, 1815 వాటర్లూ, 1916 సోమ్. సేనాధిపతి గుట్ట మీద నిలబడి చూసే దృశ్యాన్ని పక్కనపెట్టి, వరుసలో నిలబడ్డ మనిషికి ఏం కనిపించింది, ఏం వినిపించింది అని అడుగుతాడు. శాండ్‌హర్స్ట్‌లో సైనికాధికారులకు పాఠాలు చెప్పిన ఆయన, తాను ఏ యుద్ధంలోనూ లేనని మొదట్లోనే ఒప్పేసుకుంటాడు. మనలాంటి వాళ్లకు ఆ మాట కొంచెం ధైర్యమిస్తుంది.

అది చదివాక నా రూల్‌బుక్‌లో ఒక పేజీ కొట్టేశాను. అశ్వదళం చతురస్ర వ్యూహాన్ని (నాలుగు వైపులా బాయ్‌నెట్లు చాచి నిలబడ్డ పదాతిని) ఢీకొంటే ఇరువైపులా పాచికలు వేసి, ఎవరికెక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు అని ఉండేది. గుర్రం బాయ్‌నెట్ల గోడ మీదికి ఉరకదు. పక్కకు తిరుగుతుంది, లేదా ఆగిపోతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఫ్రెంచి మార్షల్ నే (Ney) నడిపించిన దాడుల్లో అన్నన్ని సార్లు గుర్రాలు వచ్చినా ఒక్క చతురస్రం కూడా చెదరలేదు. కాబట్టి ఇప్పుడు ఢీకొనడం లేదు, చతురస్రం ధైర్యానికి మాత్రమే పాచిక. రెండు పాచికల మొత్తం 3 లేదా అంతకంటే తక్కువ పడితేనే కదులుతుంది. ఫిరంగి దెబ్బ తిని ఉంటే 5. ఈ రెండో అంకె చూశాక మా ఫ్రెంచి ఆటగాడు గుర్రాల వెంట ఫిరంగులు కూడా తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. మార్షల్ నే ఆ పని చేసి ఉంటే!

ధైర్యం లెక్కల విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిన పుస్తకం ఎస్. ఎల్. ఏ. మార్షల్ 1947లో రాసిన 'మెన్ అగైనెస్ట్ ఫైర్'. పోరులో నలుగురిలో ఒక్కడు కూడా తుపాకి పేల్చడన్న మాట అక్కడిదే. ఎన్నో రూల్‌బుక్కులు దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాయి. ఆ అంకెలకు తగిన ఆధారం లేదని తర్వాతి పరిశోధకులు గట్టిగానే వాదించారు. చదవొద్దనను, ఆ శాతాన్ని మాత్రం మీ రూల్లోకి ఎక్కించకండి.

ఐదో నెల

టర్న్‌లు ఎన్ని పెట్టాలి? యుద్ధం ఎన్నింటికి మొదలైంది? చిన్న ప్రశ్నే అనుకున్నాను. వెలింగ్టన్ తన అధికారిక నివేదికలో, తన పక్షం కాపాడిన ఉగొమాంట్ పొలం ఇంటి మీద దాడి సుమారు పదింటికి మొదలైందని రాశాడు. పదకొండున్నర అన్నవాళ్లు చాలామంది. ఇంకా ఆలస్యమన్నవాళ్లూ ఉన్నారు. ఆ వెలింగ్టనే మరోచోట, యుద్ధ చరిత్ర రాయడం నాట్యసభ చరిత్ర రాయడం లాంటిదని, ఏది ఎప్పుడు ఏ వరసలో జరిగిందో ఎవరికీ గుర్తుండదని చురక వేశాడు.

ఇక్కడే సైబోర్న్ లేఖల దగ్గరికి వెళ్లాను. విలియం సైబోర్న్ ఒక బ్రిటిష్ అధికారి. ఒకరకంగా మన కులగురువు. 1830లో వాటర్లూ నమూనా తయారుచేసే పని అతనికి అప్పగించారు. లా హే సాంత్‌లోనే నెలల తరబడి ఉండి నేలను కొలిచాడు. బతికున్న అధికారులకు ఉత్తరాలు రాశాడు: సాయంత్రం ఏడింటి ప్రాంతంలో మీ దళం ఏ వ్యూహంలో ఉంది, ఎదురుగా ఎవరున్నారు, పొలంలో ఏ పైరు ఉంది? వేలకొద్దీ చిన్న బొమ్మలతో ఆ నమూనా 1838లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చింది. జవాబుల్లో కొన్నింటిని అతని కొడుకు 1891లో పుస్తకంగా వేశాడు. వాటిలో ఒకరి మాట ఒకరికి పొసగదు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవి, ఎవరి దళం గొప్ప వాళ్లది. అయినా పైరు ఎత్తు, బురద, పొగలాంటి విషయాలకు ఇంతకంటే మంచి చోటు లేదు.

నా పద్ధతి చెబుతాను, నచ్చితే వాడుకోండి. పొడవాటి కాగితం మీద నాలుగు గళ్లు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు. రెండు పుస్తకాల్లో వేళలు వేరైతే రెండూ రాసేయాలి, కొట్టేయకూడదు. అలా తేడా వచ్చినచోట టర్న్ అంకె పెట్టకుండా పాచిక పెట్టాను. చివరికి పదకొండున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా అరగంట టర్న్‌లు, మొత్తం 18. ప్రష్యన్లు పదకొండో టర్న్‌కు, అంటే నాలుగున్నరకు దిగాలి, కానీ పాచికను బట్టి ఒక టర్న్ అటూ ఇటూ.

ఆరో నెల

మొదటి ఆట. ఆరు గంటలు ఆడినా 12 టర్న్‌లే అయ్యాయి. లా హే సాంత్ పడే సూచనే కనిపించలేదు. చరిత్రలో అది ఆరింటి ప్రాంతంలో పడింది. దాని నాయకుడు బారింగ్ తూటాలు పంపమని పదే పదే కబురు పెట్టినా రాలేదు. వాళ్లవి రైఫిళ్లు, మామూలు మస్కెట్ తూటా పనికిరాదు. మా ఆటలో అయితే అందరి దగ్గరా అక్షయ తూణీరమే.

అదే వారం మార్టిన్ వాన్ క్రెవెల్డ్ 1977 నాటి 'సప్లయింగ్ వార్' మళ్లీ తీశాను. వాటర్లూ కోసం కాదు, సరఫరా అనే ఆలోచన కోసం. మా జట్టులో ఉత్తరాఫ్రికా ఎడారి యుద్ధం ఆడే ఒకాయనకు ఇది తప్పక చెప్పాను. ఆ ఎడారిలో జర్మన్ సేనాధిపతి రోమెల్‌కు సముద్రంలో మునిగిన ఓడల కంటే రేవుల సామర్థ్యం, ట్రిపోలీ నుంచి ముందు వరుస దాకా ఉన్న వందల కిలోమీటర్ల రోడ్డే పెద్ద సమస్య అని క్రెవెల్డ్ వాదిస్తాడు. మా ఎడారి ఆటగాడు తన మ్యాపు మీద ట్యాంకులు తగ్గించి లారీలు పెంచాడు. ఆట నెమ్మదించిందని గొణుగుతున్నాడు గానీ మానలేదు. నేను చేసింది చిన్నది: లా హే సాంత్‌కు ఎనిమిది తూటా గుర్తులు, కాల్పులు జరిపిన ప్రతి టర్న్‌కూ ఒకటి పోతుంది, కొత్తవి రావు.

నౌకాయుద్ధాలు ఆడేవాళ్లకు నా వంతుగా ఒక్కటి: జోనథన్ పార్షల్, ఆంథోనీ టలీ రాసిన 'షాటర్డ్ స్వోర్డ్', 2005. 1942 జూన్ 4న మిడ్‌వేలో అమెరికన్ బాంబర్లు దిగే వేళకు జపాన్ డెక్కుల నిండా విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయని, ఐదు నిమిషాల్లో అంతా తారుమారైందని దశాబ్దాలు నమ్మాం. వీళ్లు జపాన్ వైపు రికార్డులు చూసి, దాడి విమానాలు ఇంకా కింది హ్యాంగర్లలోనే ఉన్నాయని తేల్చారు. ఏ యుద్ధం మీద పుస్తకమైనా కొనేముందు రచయిత ఎదుటి పక్షం కాగితాలు చూశాడా అని వెనక పేజీలు తిరగేయండి. నాకు ఈ అలవాటు వచ్చింది ఈ పుస్తకంతోనే.

ఏడో నెల

రెండో ఆట. ఇద్దరు అశ్వదళాధిపతులను పెట్టి పని పంచితే 18 టర్న్‌లూ ఏడు గంటల్లో అయ్యాయి. లా హే సాంత్ పద్నాలుగో టర్న్‌లో పడింది, చివరి తూటా గుర్తు పోయిన తర్వాతి టర్న్‌లోనే. కానీ ఫ్రెంచి ఆటగాడికి ప్రష్యన్లు వస్తారని ముందే తెలుసు కాబట్టి మొదటి టర్న్ నుంచే కుడివైపు ఒక కోర్‌ను దాచుకున్నాడు. నెపోలియన్ తూర్పు దిక్కున వాళ్లను గమనించింది ఒంటిగంట ప్రాంతంలో. దీనికి విరుగుడు 1824లోనే ఉంది. ప్రష్యన్ అధికారి రైస్‌విట్జ్ తన క్రీగ్‌ష్పీల్ (యుద్ధ క్రీడ)లో ఆటగాళ్ల మధ్య ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. ఎవరికి ఏది కనిపించాలో ఆయనే చెబుతాడు. మూడో ఆటకు నేను ఆడను, మధ్యవర్తిగా కూర్చుంటాను. బల్ల మీది యుద్ధం పేరు కూడా మార్చేసి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పి పెడదామనుకుంటున్నాను. చూద్దాం, అది వాటర్లూ అని ఎన్ని టర్న్‌లకు గుర్తుపడతారో.

ఇంకా మిగిలినవి: ప్రష్యన్ పటాలాలు 14, ప్లాన్స్‌న్వా ఊరి చర్చి, ఆ పైరు కోసం సరైన పసుపు. ప్రష్యన్ వైపు కథ కోసం తెచ్చుకున్న రెండు పుస్తకాలు బల్ల కింద ఉన్నాయి. వాటి వల్ల బల్ల మీద ఏమీ మారకపోతే వాటి పేర్లు ఇక్కడ కనపడవు.