తలుపు మూసిన ఇంట్లో గాలి

ఆదివారం.

గేటుకు తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్లు తీయగానే చెయ్యి ఇంకా కుళాయి వైపే పోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు పడిన అలవాటు. ఆ ఏడు మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. "గడప దాటలేదు, మరి మాకెలా వచ్చింది?" అని ఇంటింటా అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చాలామందికి ఇప్పటికీ చేరలేదు. అందుకే అప్పటి మామూలు రోజొకటి పొద్దుటి నుంచి రాత్రి దాకా మనసులో తిప్పి చూసుకుని, వైరస్ ఏ పూట ఎక్కడ అంటుకుని ఉంటుందో రాసుకుంటున్నాను.

పాల ప్యాకెట్ దగ్గరే మొదలుపెడతాను. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటలు, అట్టపెట్టె మీద 24 గంటలు ఉంటుందన్న మాట అప్పట్లో అందరి నోటా నానింది. మాట అబద్ధం కాదు. అయితే అది ల్యాబులో ఎక్కువ మోతాదు వైరస్ వేసి చూసిన లెక్క. ప్లాస్టిక్ మీద సుమారు ప్రతి 7 గంటలకు అది సగానికి సగం తగ్గిపోతుందని ఆ పరీక్షలోనే తేలింది. ప్యాకెట్ మీంచి జబ్బు రావాలంటే దాని మీద రోగి తుంపర్లు పడాలి, వాటిలో బతికున్న వైరస్ తగినంత మిగలాలి, అది వేళ్లకు అంటాలి, ఆ వేళ్లు ముక్కుకో కంటికో తగలాలి. ఒక్కో మెట్టు దగ్గరా చాలా భాగం రాలిపోతుంది. వైరస్ ఉన్న వస్తువును ముట్టుకున్నా 10,000 సార్లకు ఒక్కసారి కూడా అంటదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ప్యాకెట్ లోపల పెట్టాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుంటే చాలు. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు విప్పేస్తుంది, పొర పోతే అది పనికిరాదు. కూరగాయలకు మంచినీళ్లు సరిపోతాయి. వంకాయల్ని డిటర్జెంట్‌లోనూ బ్లీచింగ్ నీళ్లలోనూ ముంచిన ఇళ్లవాళ్లు లేని ప్రమాదానికి భయపడి, ఉన్న విషాన్ని కడుపులోకి పంపుకున్నారు.

తర్వాత కూరగాయల బజారు. బజార్లను స్కూలు మైదానాల్లోకి మార్చి, సున్నంతో గళ్లు గీయడం మంచి పని. ఆరుబయట ఊపిరి క్షణాల్లో చెదిరి పలచబడుతుంది. చెడిందల్లా టైము దగ్గర. పొద్దున్న కొద్ది గంటలే తెరిస్తే రోజంతా రావలసిన జనం ఒకే పూట భుజం భుజం రాసుకుంటూ వచ్చారు. గంటలు పెంచి ఉంటే గుంపు పలచబడేది. ఇక టోకు మార్కెట్ల సంగతి మరీ ఘోరం: లారీల నుంచి బస్తాలు దించేవాళ్లు రొప్పుతూ, వ్యాపారులు ధరలు అరుస్తూ గంటల తరబడి ఇరుకులో పనిచేస్తారు. గొంతు పెరిగేకొద్దీ నోట్లోంచి వచ్చే సన్నటి తుంపర్లూ పెరుగుతాయి. 2020 ఏప్రిల్, మే నెలల్లో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి జబ్బు కూరగాయల లారీలతో పాటే చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ బులెటిన్లలో కోయంబేడు కేసులని విడిగా లెక్క చెప్పాల్సి వచ్చింది.

కొన్ని మార్కెట్ల ముందు మనుషులు నడిచి వెళ్లే టన్నెళ్లు పెట్టి, వాళ్ల మీద బ్లీచింగ్ లాంటి హైపోక్లోరైట్ మందు చల్లారు. వైరస్ ఉండేది గొంతులో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో. చొక్కా తడిపితే దానికేం కాదు, మనిషికి కళ్లు మండుతాయి, చర్మం పొక్కుతుంది. మనుషుల మీద చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 18నే చెప్పింది.

అసలు ప్రమాదం మధ్యాహ్నం భోజనాల తర్వాత. ఆ ఏప్రిల్‌లోనే విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాడాడని, అక్కడి ఆడవాళ్లు తంబోలా ఆడారని, ఆ ఒక్క చోటే 24 మందికి అంటిందని జిల్లా కలెక్టరు ప్రకటించారు. కార్మికనగర్‌లో ఇంకో డ్రైవరు నలుగురితో కలవడం వల్ల మరో 15 మందికి వచ్చింది. ఆ డ్రైవర్లను తిట్టినవాళ్లే ఎక్కువ, ఆ గదుల్లో ఏం జరిగి ఉంటుందో విడమరచి చెప్పినవాళ్లు తక్కువ.

అలాంటి పేకాట గదిని దగ్గర నుంచి చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న వాటా గది. అందులో పట్టే గాలి సుమారు 34,000 లీటర్లు. చాప మీద ఆరుగురు గుండ్రంగా కూర్చుంటే ఎదుటివాడి మొహం మీటరు దూరంలో ఉంటుంది. పోలీసులు చూస్తారని వీధి తలుపు వేస్తారు, ఎండ కొడుతోందని కిటికీ మూస్తారు. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అది కొత్త గాలి తేదు, ఉన్నదాన్నే అందరికీ పంచుతుంది. కూర్చున్న మనిషి నిమిషానికి 8 లీటర్ల దాకా గాలి పీల్చి వదులుతాడు. "ఇంకొక్క ఆట వేసి పోదువు గానీ కూర్చో బావా" అంటూ 3 గంటలు గడిస్తే ఆరుగురి ఊపిర్లూ కలిపి 8,600 లీటర్లు దాటుతాయి, అంటే గది గాలిలో నాలుగో వంతు. సందుల్లోంచి కొంత బయటికి పోయినా, మిగిలింది ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చిందే. పెద్ద తుంపర్లు మీటరు, రెండు మీటర్లలోపు నేల మీద పడిపోతాయి. సన్నవి సిగరెట్ పొగలాగా గంటల కొద్దీ తేలుతుంటాయి. అందుకే 6 అడుగుల దూరం ఒక్కటే మూసిన గదిలో కాపాడలేదు. మూలన ఒకడు సిగరెట్ కాలిస్తే గది చివర కూర్చున్నవాడికి వాసన తగులుతుందా లేదా? ఊపిరి కూడా అంతే.

ఆ ఆరుగురిలో దగ్గేవాడు ఉండక్కర్లేదు. వైరస్ చేరాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు, సగటున 5 రోజులు పట్టేది. లక్షణాలు రావడానికి 2 రోజుల ముందే మనిషి ఇతరులకు అంటించగలడు. ఒంట్లో బాగానే ఉందన్న ధీమాతో చేరినవాడే ముక్కలు పంచుతాడు, ఆట గెలిస్తే అందరికంటే గట్టిగా అరుస్తాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగులతో కలిసిన 5,75,071 మందిని పరీక్షించిన అధ్యయనం ఆ ఏడు సెప్టెంబరు 30న వెలువడింది. మన ఆరోగ్య సిబ్బంది ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి పోగుచేసిన వివరాలవి, దీనికి రావలసినంత పేరు రాలేదని నా బాధ. అందులో 71 శాతం రోగుల నుంచి, వాళ్లను కలిసినవాళ్లలో ఎవరికీ అంటినట్టు తేలలేదు. ఇంట్లో కలిసున్నవాళ్లలో సుమారు 9 శాతం మందికి వచ్చింది. బస్సులాంటి వాహనంలో రోగికి బాగా దగ్గరగా కూర్చుని 6 గంటలు, అంతకు మించి ప్రయాణించినవాళ్లలో అది 79 శాతం. మూసిన చోటు, ఎక్కువ సేపు, దగ్గర దగ్గరగా: ఈ మూడూ కలిస్తే ఒక్కడి నుంచే పదుల మందికి పాకుతుంది. ఏదో ఒకటి తప్పిస్తే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

మాస్కు గురించి క్లుప్తంగా. కళ్లజోడుకు ఆవిరి పడితే ముక్కు పక్కన సందు ఉన్నట్టు, తీగను ముక్కు మీదికి నొక్కాలి. మే నెల చెమటకు తడిసిన గుడ్డలోంచి గాలి ఆడదు, పక్కల నుంచి దూరుతుంది. అందుకే జేబులో ఇంకోటి పొడిది ఉండాలి. ముందు బిళ్లలాంటి వాల్వు ఉన్న ఎన్-95 పెట్టుకున్నవాడి ఊపిరి వడకట్టకుండానే బయటికొస్తుంది. అది వేసుకున్నవాడికే రక్ష, ఎదుటివాళ్లకు కాదు. ఫోను రాగానే మాస్కు దించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అవసరమయ్యేది మాట్లాడేటప్పుడే.

సాయంత్రం ఇంట్లో ఒకరికి ఒళ్లు వెచ్చబడిందనుకుందాం. గది ఇస్తే కిటికీ ఉన్న గదే ఇవ్వాలి. టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టాలి, లోపలి వైపు కాదు. అప్పుడు గది గాలి వీధిలోకి పోతుంది, మిగతా ఇంటి గాలి తలుపు కింది సందులోంచి గదిలోకి వస్తుంది. బాత్రూమ్ ఆ గదిలోనే ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకుండా వేసి ఉంచినా ఇదే పని జరుగుతుంది. స్ప్లిట్ ఏసీ వేయకూడదు. గోడకున్న పెట్టె గదిలో గాలినే పీల్చి చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది, బయటి గాలి అందులోకి రాదు. బాత్రూమ్ అందరిదీ ఒకటే అయితే రోగి చివరన వెళ్లి, కిటికీ తెరిచి రావాలి. కంచం గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, పెట్టినవాళ్లు పక్కకు తప్పుకున్నాకే తలుపు తీయాలి. ఒంటి గది ఇళ్లలో ఇవేవీ కుదరవు. ఎండాకాలం కాబట్టి మిగతావాళ్లు డాబా మీదో వాకిట్లోనో పక్కలు వేసుకున్న ఇళ్లకు అది నిజంగా మేలు చేసింది. లోపలే పడుకోక తప్పకపోతే రోగి తల కిటికీ వైపు, మిగతావాళ్ల తలలు తలుపు వైపు.

మన ఇళ్లల్లో కిటికీలు మూతపడేది ముఖ్యంగా దోమల వల్ల. సాయంత్రం 6 కొట్టేసరికి రెక్కలన్నీ వేసేస్తారు, తెల్లారేదాకా తీయరు. దానికి మెష్ కొట్టించుకోవడమే మార్గం. కొట్టించినవాళ్లు కూడా దాన్ని దులపరు. దాని కన్నాలన్నీ నూనె జిడ్డుతో, దుమ్ముతో పూడిపోయి ఉంటాయి, కిటికీ తెరిచి ఉన్నా గాలి రాదు. ఇవాళ వంటింటి మెష్‌కు అగరుబత్తి పట్టుకుని చూస్తే పొగ బయటికి పోకుండా లోపలే నిలిచింది. సబ్బునీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రెండు వైపులా రుద్ది, మగ్గుతో నీళ్లు కొట్టి ఆరాక మళ్లీ పట్టుకుంటే తిన్నగా వీధిలోకి పోయింది. పడకగది మెష్ రేపు.